అక్టోబరులో పెట్టె బరువు

సెప్టెంబరు సగం గడిచేసరికి నా చేతులు ఒక బరువు కోసం వెతుక్కుంటాయి. తేనెటీగల పెట్టె వెనకవైపు నిలబడి, అడుగుచెక్క కింద వేళ్ళు పెట్టి, ఒక్క అంగుళం పైకెత్తి నెమ్మదిగా దింపితే తెలిసే బరువు అది. ఇప్పుడు మేం ఉండేది టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో. ఇక్కడ ఎత్తడానికి పెట్టెల్లేవు. సెప్టెంబరులో కూడా ఏసీ ఆగదు. అయినా ఆ నెల రాగానే ఒహాయోలో ఈగల పెట్టెల మధ్య నేను గడిపిన ఆరు శరదృతువులు వరసగా గుర్తొస్తాయి.

2010లో పెళ్ళయిన కొత్తలో అనకాపల్లి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళాను. సిన్సినాటికి ఉత్తరాన, ఊరు అయిపోయి మొక్కజొన్న చేలు మొదలయ్యే చోట అద్దె ఇల్లు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. మా ఆయన పొద్దున్నే వెళ్తే చీకటిపడ్డాకే వచ్చేవారు. మధ్యలో అంత పొడుగు పగలు. వెనక కంచె అవతల ఒక పెద్దాయన ఉండేవారు. హైస్కూల్లో పిల్లలకి వడ్రంగం నేర్పి రిటైరైన మాస్టారు. డెబ్బై దాటాయి, భార్య పోయారు. ఆయన పెరట్లో తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలు ఎనిమిది, వరసగా, తూర్పుముఖంగా ఉండేవి. మొదటి ఏడాదంతా వాటిని వంటింటి కిటికీలోంచి చూడడమే.

2011 సెప్టెంబరులో ఒక సాయంత్రం గాలి మా వైపుకి తిరిగింది. ఏదో పుల్లటి, ముతక వాసన. చెమటతో తడిసిన సాక్సులు మూటగట్టి మర్చిపోతే వచ్చే వాసన. పెరట్లో ఏ ఉడతో చచ్చిందేమో అనుకుని కంచె దాకా వెళ్ళి ఆయన్ని అడిగాను. ఆయన చెయ్యి ఊపి లోపలికి రమ్మన్నారు. ఒక పెట్టె గుమ్మం ముందు వంగి వాసన చూడమన్నారు. అక్కడి నుంచే వస్తోంది. గోల్డెన్‌రాడ్ పువ్వు మకరందాన్ని ఈగలు తెచ్చి, రాత్రంతా రెక్కలతో విసిరి, నీళ్ళు ఆరబెడుతుంటే వచ్చే వాసనట. రోడ్డు పక్కనా చేల గట్లమీదా పచ్చగా విరగబూసిన ఆ పువ్వుని నేను రోజూ చూస్తూనే ఉన్నాను. దూరం నుంచి అచ్చం మన తంగేడే. దసరా రోజుల్లోనే పూస్తుంది కూడా. అది పూసిందంటే ఏడాదిలో ఇదే చివరి పంట అని, దాని వెనక తెల్లగా, ఊదాగా ఆస్టర్ పూలు వస్తాయని, మంచు పడితే అంతా అయిపోతుందని చెప్పారు. ఆ మర్నాడు ఆయన భార్య తొడుక్కున్న పాత తెల్లకోటు, వలటోపీ నాకిచ్చారు. పొట్టి మనిషిని, చేతులు రెండు మడతలు పెట్టుకోవాల్సొచ్చింది.

శరదృతువులో ఈగల పని అంటే తేనె తీయడమనే అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. నిజానికి ఆ పనికి పట్టేది రెండు రోజులే. పెట్టెలో ఈగలు పట్టు కట్టిన చెక్క ఫ్రేములు ఒక్కొక్కటీ పైకి తీసి, గదులన్నీ మైనంతో మూతలు వేసున్నవి ఎంచుకునేవాళ్ళం. మూత పడిందంటే తేనె ఆరినట్టు. తేమ 18.6 శాతం దాటితే తర్వాత పులుస్తుందని ఆయన ఒక చుక్క చిన్న గొట్టం లాంటి పరికరంలో పెట్టి వెలుతురుకేసి చూసేవారు. గ్యారేజీ తలుపులు, కిటికీలు మూసేసి, వేడి కత్తితో మూతలు కోసి, నాలుగు ఫ్రేములు పట్టే డ్రమ్ములో పెట్టి చేత్తో తిప్పేవాళ్ళం. తలుపు వేలెడంత తెరిచి ఉన్నా ఈగలు లోపలికి వచ్చేస్తాయి. ఆ రోజుల్లో బయట మకరందం తగ్గిపోతుంది. ఎక్కడ తేనె వాసన తగిలినా దోపిడీ మొదలవుతుంది. ఒక చుక్క గడ్డిమీద పడినా తడిగుడ్డ పెట్టి తుడిచేవారు. బలమున్న పెట్టెలోని ఈగలు, బలం లేని పెట్టె మీద పడి రెండు రోజుల్లో ఖాళీ చేసేస్తాయి. కందిరీగలు సరేసరి.

తేనె కంటే ముందు చూడాల్సింది పేనుని. ఆగస్టు చివర్లోనే మొదలుపెట్టేవారు. వరోవా అని, ఈగ ఒంటికి అతుక్కునే ఇటికరంగు పురుగు, ఆవగింజ కంటే చిన్నది. అరకప్పు ఈగల్ని, అంటే సుమారు 300 ఈగల్ని, రాణి వాటిలో లేదని రెండుసార్లు చూసుకుని, జాలీ మూత ఉన్న సీసాలోకి తీసేవాళ్ళం. రెండు చెంచాల పంచదార పొడి వేసి నెమ్మదిగా దొర్లించి, తెల్లపళ్ళెంలో నీళ్ళమీద జల్లించాలి. పొడి కరిగిపోతుంది, పేలు తేలతాయి. లెక్కపెట్టడం నా పని. తొమ్మిది దాటితే మందు. పైన పెట్టిన తేనె పెట్టెలు దింపేశాకే ఫార్మిక్ యాసిడ్ పట్టీలు ఫ్రేముల మీద పెట్టేవారు. పిండి పూసినట్టు తెల్లగా అయిపోయిన ఈగల్ని మళ్ళీ పెట్టెలో వదిలితే, తోటి ఈగలు చుట్టూ చేరి నాకి శుభ్రం చేసేవి. తలంటు పోసినట్టు ఉండేది చూడడానికి.

అంత ముందు ఎందుకు అని అడిగితే ఆయన చెప్పిన కారణం విన్నాకే నాకు ఈ పనిమీద నిజంగా మనసు పడింది. వేసవిలో పుట్టిన కూలీ ఈగ ఆరు వారాలు బతుకుతుంది, తిరిగి తిరిగి రెక్కలు అరిగి చచ్చిపోతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో పుట్టేవి వేరు. వాటి ఒంట్లో కొవ్వు ఎక్కువ. ఐదారు నెలలు బతుకుతాయి. వాటిలో చాలావాటికి వసంతం దాకా పువ్వే కనపడదు. చలికాలమంతా రాణి చుట్టూ ముద్దగా చేరి, రెక్కలు కదపకుండా రెక్కల కండరాలు మాత్రం వణికించి వేడి పుట్టిస్తూ ఉండడమే వాటి పని. ఆ పిల్లల్ని పెంచే దాది ఈగలకి ఆగస్టులో పేలు పట్టాయంటే, పుట్టేవి నీరసంగా పుడతాయి. డిసెంబరులో ఎంత మందు వేసినా అప్పటికే ఆలస్యం. వేసవిలో తేనె తెచ్చిన ఈగ దాన్ని తినదు. తినే ఈగ దాన్ని తేలేదు. అది విన్న రోజు నేను అమ్మకి ఫోన్ చేసి చాలాసేపు ఇదే చెప్పాను. అమ్మ అంతా విని, "మరి కరవవటే?" అని అడిగింది.

బరువు చాలని పెట్టెలకి పాకం పోయాలి. ఇక్కడ నాకు కొంచెం గర్వం. అనకాపల్లి పిల్లని, బెల్లం మాకు కొత్తా! మా తాతయ్య చెరకు గానుగ ఆడించేవారు. చలికాలం తెల్లవారుజామున పెనం చుట్టూ కూర్చుని తెట్టు తీయడం, పాకం పదును చూడడం చూస్తూ పెరిగినదాన్ని. పెద్దాయన తెల్ల పంచదార సంచి విప్పుతుంటే, "బెల్లం వేద్దాం, పంచదార కంటే బలం కదా" అన్నాను. ఇండియన్ స్టోర్ నుంచి రెండు కిలోలు తెచ్చి పెట్టాను కూడా. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నారు. చాలా బాగుందన్నారు. తర్వాత తలూపి, ఇది మనకి, వాటికి కాదు అన్నారు. చలిలో ఈగలు నెలల తరబడి బయటికి రాలేవు. అవి పెట్టెలో మలవిసర్జన చేయవు, ఎండ కాసే రోజు దాకా బిగబట్టుకుంటాయి. బెల్లంలో మనకి బలమైన లవణాలన్నీ వాటి పేగుల్లో చెత్తగా పేరుకుంటాయి. విరేచనాలు పట్టుకుని పెట్టె మొత్తం పోతుంది. అందుకే ఎంత తెల్లటి పంచదార అయితే అంత మంచిది. పది పౌండ్ల పంచదారకి ఐదు పౌండ్ల నీళ్ళు. వసంతంలో అయితే సమంగా, చలికి ముందు మాత్రం ఇలా చిక్కగా, ఎందుకంటే దాన్ని ఆరబెట్టుకునే టైమ్ వాటికి ఉండదు. నీళ్ళు వేడిచేసి పొయ్యి ఆపేశాకే పంచదార కలపాలి. నా చెయ్యి అలవాటుగా గరిట ఎత్తి తీగపాకం వచ్చిందా అని చూసేది. మరిగితే మాడుతుంది, మాడినది ఈగలకి విషం అని మంట కట్టేసేవారు. ఆ బెల్లంతో ఆయనకి పరమాన్నం చేసి పంపాను.

అన్ని పెట్టెలూ చలి దాటేవి కావు. దోసెడు ఈగలే ఉన్న పెట్టె ముద్దకట్టినా వేడి నిలవదు. దాన్ని బలమైన పెట్టె మీద పెట్టి కలిపేయాలి. ముందు బలం లేని పెట్టెలోని రాణిని వెతికి తీసేయాలి. ఒక పెట్టెకి ఇద్దరు రాణులు ఉండకూడదు. ఆయన రాణిని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కకి వెళ్ళేవారు. నేను ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అటు చూడలేకపోయాను. ఆయనా త్వరగా వచ్చేవారు కాదు. తర్వాత రెండు పెట్టెల మధ్య ఒక న్యూస్‌పేపర్ పరిచి, చాకుతో నాలుగైదు గాట్లు పెట్టాలి. సూటిగా కలిపితే వాసన తేడాకి కొట్టుకు చస్తాయి. కాగితం కొరుక్కుని ఒకదాన్నొకటి చేరేలోపు వాసనలు కలిసిపోతాయి.

2012లో అలా కలిపే రోజు ఆయన దగ్గర పేపరు లేకపోయింది. మా ఇంట్లోకి పరుగెత్తి, అమ్మ పంపిన పార్సిల్లో గిన్నెలకి చుట్టిన ఈనాడు జిల్లా పేజీ తెచ్చాను. విశాఖ వార్తలు, రైతుబజారు కూరగాయల ధరలు ఉన్న పేజీ. అదే పరిచాం. మూడో రోజు పొద్దున్న గుమ్మం ముందు పళ్ళెం మీద రవ్వలా రాలి ఉన్నాయి కాగితం పొట్టు. వేలితో వేరుచేసి చూస్తే ఒక ముక్కమీద సగం "ళ", ఇంకోదానిమీద "క్క". ఆ రెండు ముక్కలూ నా దగ్గర ఇంకా ఉన్నాయి, ఒక పాత పర్సులో.

అక్టోబరు మధ్యలో మొదటి మంచు. ఆ వారంలోనే పోతు ఈగల్ని బయటికి ఈడ్చేస్తాయి. చలికాలంలో వాటితో పని లేదు, తిండి దండగ. కూలీ ఈగ తనకంటే లావుగా ఉన్న పోతుని రెక్క పట్టుకుని గుమ్మం దాకా లాగి తోసేస్తుంది. అది మళ్ళీ లోపలికి వస్తుంది, మళ్ళీ తోస్తుంది. సాయంత్రానికి గడ్డిలో కుప్పగా పడి ఉండేవి. మనం చేయాల్సింది ఏమీ లేదు, చూడడం తప్ప. మిగిలినవన్నీ చిన్న చిన్న పనులు. వెచ్చగా ఉంది కదా అని ఎలుక దూరి గూడు కట్టుకోకుండా గుమ్మానికి బొక్కల రేకు కొట్టడం, రాణిని కింది పెట్టెలో ఆపే జాలీ తీసేయడం. అది మర్చిపోతే ఈగల ముద్ద తేనె వెంట పైకి వెళ్తుంది, రాణి ఒక్కర్తీ కింద చలికి బిగుసుకుపోతుంది. ఖాళీ పట్టుల్ని మైనపు పురుగు తినేయకుండా ఒకరోజు ఫ్రీజర్లో పెట్టి కట్టేయడం. పడమటి గాలికి అడ్డంగా గడ్డిమోపులు పేర్చడం, నవంబరులో తారుకాగితం చుట్టడం.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసినది తడి సంగతి. చలి వాటిని చంపదు, తడి చంపుతుంది అనేవారు ఆయన. ముద్దలోంచి వచ్చే వెచ్చటి ఆవిరి చల్లటి మూతకి తగిలి నీటిబొట్లై వాటి మీదే కురుస్తుంది. అందుకని పైన ఒక పలుచటి పెట్టె పెట్టి, తన వర్క్‌షాపులో రంద పట్టిన చెక్కపొట్టు నింపేవారు, తడి అది పీల్చుకుంటుంది. పెట్టె మొత్తాన్ని ముందుకి కొద్దిగా వాల్చి, వెనక కాళ్ళకింద ఒక చెక్కముక్క పెట్టేవారు. ఆ ముక్కలు అన్నీ ఒకే మందం, ఒకే నునుపు. ఎవరూ చూడని చోట పెట్టేదానికి అంత నునుపు ఎందుకో నేను అడగలేదు.

2012 అక్టోబరులోనే ఒక ఆదివారం మా ఇద్దర్నీ కారెక్కించుకుని ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊరికి తీసుకెళ్ళారు. మయామీ యూనివర్సిటీ ఆవరణలో ఒక ఇటుకల ఇల్లు. లాంగ్‌స్ట్రాత్ అనే పాస్టరు 1858లో వచ్చి చాలా ఏళ్ళు అక్కడ ఉన్నారట. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమంది వాడే పెట్టె ఆయన చేసిందే. ఈగలు తిరగడానికి వదిలే సందు పావు అంగుళానికి తగ్గకుండా, అంగుళంలో మూడెనిమిదో వంతు మించకుండా ఉంటే, అవి దాన్ని మైనంతో పూడ్చవు, దారిగా వాడుకుంటాయి అని 1851లో ఆయన గమనించాడు. అంతే. అప్పట్నుంచి పట్టుని కోయకుండా, ఈగల్ని చంపకుండా ఫ్రేము పైకి తీసి, చూసి, మళ్ళీ పెట్టడం కుదిరింది. ఆయన 1895 అక్టోబరులో డేటన్‌లో, చర్చిలో ప్రసంగం మొదలుపెట్టి అక్కడే కన్నుమూశారట. మా పెద్దాయన ఆ ఇంటి గోడమీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు. వచ్చే దారిలో ఇంకో సంగతి చెప్పారు. మెడీనా అనే ఊళ్ళో ఏ. ఐ. రూట్ అని ఈగల సామాన్లు అమ్మే ఆయన, 1904 సెప్టెంబరులో డేటన్ దగ్గర పొలంలో రైట్ సోదరుల విమానం గుండ్రంగా తిరిగి రావడం కళ్ళారా చూసి, తన తేనెటీగల పత్రికలో రాశాడట. పత్రికల వాళ్ళు పట్టించుకోనిది ఈగలవాడు వెళ్ళి చూశాడని చెప్తుంటే ఆయన ముఖం వెలిగిపోయింది.

ఇక 2013 సంగతి. రాయడానికి ఇప్పటికీ కష్టంగానే ఉంది.

అంతకు ముందు వసంతంలో ఆయన నాకంటూ ఒక పెట్టె ఇచ్చారు. తొమ్మిదోది. మూతమీద నేను చిన్న ముగ్గు వేసుకున్నాను. ఆ శరత్తులో పైన పెట్టిన అర ఎత్తు పెట్టె గోల్డెన్‌రాడ్ తేనెతో నిండింది. డిసెంబరులో అనకాపల్లిలో చెల్లి పెళ్ళి. పన్నెండు సీసాలు పట్టుకెళ్ళాలని, అందరికీ నా చేత్తో తీసిన తేనె ఇవ్వాలని నా ఆశ. ఆయన వెనక నుంచి ఎత్తి చూశారు. "కింద తేలిగ్గా ఉంది. పైది వాటికి వదిలేస్తే మంచిది" అన్నారు. ఒహాయో చలికి ఒక్కో పెట్టెకి 60 పౌండ్లకి పైనే తేనె వదలాలని ఆయన లెక్క. "పాకం పోస్తాను కదా" అన్నాను. పెట్టె నీది అని ఇంకేమీ అనలేదు.

తీసేశాను. పాకం పోశాను. పదిరోజులు బాగా తాగాయి. తర్వాత చలి ముదిరింది. 50 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే అవి పాకం ముట్టవు. డబ్బాలో సగం అలాగే మిగిలింది. నేను పెళ్ళికి వెళ్ళి, సీసాలు పంచి, మెప్పులు పొంది జనవరి మొదట్లో తిరిగొచ్చాను. వచ్చిన వారంలోనే 2014 నాటి ఆ భయంకరమైన చలి, సున్నా ఫారెన్‌హీట్ కిందికి పోయింది. మంచులో నడిచి వెళ్ళి పెట్టెకి చెవి ఆనించాను. దూరంగా పొయ్యిమీద ఎసరు మరుగుతున్నట్టు సన్నటి హోరు. ఉన్నాయి. ఫిబ్రవరిలో ఎండ కాసిన ఒక మధ్యాహ్నం ఆయన మూత కొద్దిగా ఎత్తి, ఫ్రేములమీద కాగితం పరిచి పంచదార పోశారు.

మార్చిలో మొదటి వెచ్చటి రోజు మిగతా పెట్టెలన్నిటి ముందూ ఈగలు ఎగురుతున్నాయి. నా పెట్టె ముందు ఒక్కటీ లేదు. తెరిచి చూస్తే కొబ్బరికాయంత ముద్ద, కదలకుండా. ప్రతి గదిలోనూ ఒక ఈగ తల లోపలికి దూర్చి, తోక మాత్రం బయటికి. అడుగున ఏమైనా మిగిలిందేమోనని చివరిదాకా నాకుతూ అలాగే పోయాయి. పైన పోసిన పంచదార పోసినట్టే ఉంది. అక్కడిదాకా ఎక్కే ఓపిక కూడా లేకపోయింది వాటికి. రాణి మధ్యలో ఉంది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. బ్రష్ నా చేతికిచ్చారు. ఇద్దరం కూర్చుని గదుల్లోంచి ఒక్కొక్కటీ తీసి గడ్డిలో వేశాం. చాలాసేపు పట్టింది. ఆ రాత్రి చెల్లి ఫోన్ చేసి, అత్తగారికి తేనె ఎంత నచ్చిందో చెప్తుంటే ఏమీ మాట్లాడలేకపోయాను.

మేలో ఆయన తన పెట్టె ఒకటి విడదీసి, సగం ఈగల్ని నా పెట్టెలోనే పెట్టారు. ఆ శరత్తు నుంచి అన్ని పెట్టెలూ ఎత్తి చూసే పని నాకే వదిలేశారు. కిందికి మేకులు దిగగొట్టినట్టు ఉంటే సరిపోయినట్టు. నేను వెనకవైపు సుద్దముక్కతో తెలుగులో రాసేదాన్ని, "చాలు" అనో "పోయాలి" అనో. రెండో ఏడాదికి ఆయన ఆ రెండు మాటల్నీ అక్షరాల రూపు చూసి గుర్తుపట్టేవారు. కూడా తిరుగుతూ "చాలు" అని గట్టిగా చదివేవారు, ఆ "చ" పలకడంలో ఆయనకి ఎంత ఇష్టమో.

2017 ఆగస్టులో, గోల్డెన్‌రాడ్ మొగ్గ తొడిగే రోజుల్లో మేం టెక్సాస్ వచ్చేశాం. రెండేళ్ళకి ఆయన మోకాళ్ళు పనిచేయక అరిజోనాలో కూతురి దగ్గరికి వెళ్ళారు. పెట్టెలు ఆ పక్క పొలంలో కొత్తగా కాపురం పెట్టిన జంటకి ఇచ్చారట, సుద్ద గీతలతో సహా. వచ్చేటప్పుడు ఆయన నాకిచ్చినవి రెండు: ఫ్రేములు పెకలించడానికి వాడే, చివర వంచిన పాత ఇనుపబద్ద, మా అమ్మాయి పుట్టిన ఏడాది, 2015లో తీసిన తేనె ఒక పెద్ద సీసా.

ఒహాయోలో ఉన్నప్పుడు ప్రతి కార్తీక సోమవారం ఆ పెట్టెల తేనెతోనే ఇంట్లో శివుడికి అభిషేకం చేసేదాన్ని. పాలు, పెరుగు, నెయ్యి, పంచదార కొన్నవి. తేనె ఒక్కటే మాది. పోయిన కార్తీకంలో చాలా రోజుల తర్వాత ఆ సీసా దించాను. గోల్డెన్‌రాడ్ తేనె త్వరగా గడ్డకడుతుంది, మాఘమాసపు నెయ్యిలా తెల్లగా పేరుకుపోయింది. గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి కూర్చున్నాను. అంచుల దగ్గర కరగడం మొదలై, మూత తీయగానే వంటింట్లో ఆ వాసన. పుల్లగా, ముతకగా, కొంచెంగా. అమ్మాయి తన గదిలోంచి వచ్చి, "ఏంటమ్మా, ఏదో పాడైంది" అంది. దగ్గరికి పిలిచి వాసన చూపించాను. చెంచాతో కొంచెం అరచేతిలో వేశాను.

అభిషేకానికి రెండు చెంచాలే వాడాను. సీసాలో ఇంకా మూడొంతులు ఉంది. మూత బిగించి రెండు చేతులతో ఎత్తి, కాసేపు అలాగే పట్టుకుని, పై అరలో వెనక్కి పెట్టాను.